వేలు గుచ్చి చూసినోడు

షార్జా, సజ్జా ఇండస్ట్రియల్ ఏరియా.
పొద్దున ఏడు గొట్టకముందే
రేకుల షెడ్డు పెనం లెక్క కాగుతది.

గోడ వారకు పదకొండు ప్యాలెట్లు.
రద్దయిన ఆర్డరు కోసం కలిపిన రబ్బరు.
నల్లటి బొంతల్లాగ మడతలు పెట్టి,
మడత మడతకు నడుమ తెల్ల పౌడరు చల్లి
వానాకాలం నుంచి అట్లనే ఉంది
(ఇక్కడ వాన ఎక్కడిది, నా లెక్కల వానాకాలం).

కాగితం మీద దీని పేరు మిగులు.
చీటీల మీద రాత నాది:
బ్యాచ్ నంబరు, కలిపిన తారీకు, బరువు.

పచ్చి రబ్బరుకు ఆయుష్షుంటది.
చల్లటి గదిల పెడితే ఆరేడు నెలలు.
చల్లదనం పోయిందా,
లోపలి గంధకం నిద్ర లేస్తది,
పొయ్యి లేకుండనే మెల్లగ ఉడుకుతది.
ఉడికినంక ఏ అచ్చుల పోసినా వినదు.
ఆగస్టుల ఏసీ కంప్రెసర్ ఆగిపోయింది.
పదమూడు దినాలు మెకానిక్ రాలే.
ఆ పదమూడు దినాల సంగతి
ఏ చీటీ మీద లేదు.

మొదలు కోళికోడ్ రషీద్ కోయ వచ్చిండు.
ల్యాబ్ రిపోర్టు అడిగిండు.
మేనేజరు కంప్రెసర్ చెడిపోకముందటిది ఇచ్చిండు.
ఆలోచించి ఫోన్ చేస్తనని పోయిండు, చెయ్యలే.

మధ్యాహ్నం గుల్‌జమాన్ వచ్చిండు, పెషావర్ దిక్కు మనిషి.
కాగితం అడగలే.
ప్యాలెట్ల చుట్టూ ఒక్క చుట్టు తిరిగిండు.
అంచు ఎత్తి వాసన చూసిండు.
బొటనవేలు గోరు గుచ్చి, తీసి,
ఊపిరి బిగబట్టి నిలబడ్డడు.

గుంట గుంటలాగనే ఉంటే పచ్చిది.
గుంట పూడి పైకొస్తే సచ్చింది.
మా చిన్నమ్మ బెల్లం పాకం
నీళ్ల గిన్నెల ఏసి ఉండ కట్టి చూసేది,
అంతకన్న పెద్ద శాస్త్రం ఏం లేదు.

"ఏడు బతికున్నయి, నాలుగు సచ్చినయి" అన్నడు ఉర్దూల.
బతికినదానికి కిలో రెండు దిర్హాములు,
సచ్చినదానికి ముప్పై ఫిల్సులు.

మేనేజరు నవ్విండు.
"ఆశన్నా, చీటీలు చూపియ్యి."

నాలుగు చీటీలు రాత్రే మళ్లా రాసిన.
రాయమంటే రాసిన.
గుల్‌జమాన్ ఒకటి చేతిల పట్టుకొని
వెలుగుకు పెట్టి చూసి
"సిరా తాజాగ ఉంది భాయ్" అన్నడు.
ఇంకేమనలే.
గోరు నాల గుచ్చినట్టయింది,
గుంట పూడిందో లేదో
ఆయనకే తెలియాలె.

అన్నీ ఆయన చెప్పిన ధరకే పోయినయి.

ఆఖరి ప్యాలెట్ మీద ప్లాస్టిక్ గుంజినంక
పై షీటుల ఒక వేలిముద్ర కనబడ్డది.
నాదే.
సరుకు దించుకున్న దినం
మెత్తగ ఉందో లేదోనని నేను ఒత్తింది.
అట్లనే ఉడికి అట్లనే బిగిసిపోయింది.
గీతకు గీత కలవకుండ, సన్నంగ,
కొడవలి తెగిన మచ్చతో సహా.

పోయిన వారమే ఐడీ కార్డు సెంటర్ల
మిషన్ నా వేలు చదవలే.
పదేండ్ల పౌడరు, పదేండ్ల మసి
గీతలన్నీ నున్నగ చేసినయట.
ఆ పిల్ల తడి కాగితంతో మూడుసార్లు తుడిచి
గట్టిగ ఒత్తు, ఇంకా గట్టిగ అన్నది.
వెనుక లైను గొణిగింది.

బ్లేడు తీసిన.
ఫోర్క్‌లిఫ్ట్ మీద టేక్ బహదూర్ హారన్ కొడుతున్నడు.
గుల్‌జమాన్ వచ్చి వంగి చూసిండు.
పక్కనే తన బొటనవేలు పెట్టి ఒత్తిండు,
తీసిండు.
ఏం పడలే.
"కోసుకో" అన్నడు,
"పావు కిలో నాకు లెక్క గాదు."
తూకం కాడ మాత్రం
పావు కిలో తగ్గించమని కొట్లాడిండు.

ఇప్పుడు ఆ ముక్క క్యాంపుల
నా ఇనుప మంచం కోడు కింద ఉంది.
పై మంచమోడు ఒత్తిగిల్లినప్పుడల్లా
కిర్రుమనేది, ఇప్పుడు అనదు.
ముద్ర ఉన్న దిక్కు కిందికి పెట్టిన,
ఎవరన్న అడిగితే చెప్పుడు కష్టమని.

మంగళవారం మళ్లా సెంటర్‌కు పోవాలె.
గట్టిగ ఒత్తమంటది.